నడుం దాకా క్యాలెండరు

మా మేనత్త మోడల్. ఆఫీసులో ఎప్పుడైనా ఈ మాట అంటే జనం ముందు నా మొహం వంక చూస్తారు. ఈ మొహానికి అలాంటి మేనత్త ఉండే అవకాశం లేదని తేల్చుకున్నాక, మర్యాదకి "ఏ యాడ్‌లో చేశారండీ?" అని అడుగుతారు. యాడ్ కాదు, క్యాలెండరు. 1984 క్యాలెండరు. ఆ ఏడాది చీరాల చుట్టుపక్కల ఏ ఇంట్లో అడుగు పెట్టినా గోడ మేకుకి మా అత్తే వేలాడుతూ కనిపించేది. పైన అత్త, కింద షావుకారు గారి కొట్టు పేరు, దాని కింద తేదీల కాగితాలు, వాటిలో రాహుకాలం, వర్జ్యం. పాల లెక్క, చాకలి పద్దు, గేదె కట్టిన రోజు, అన్నీ జనం అత్త కిందే రాసుకునేవాళ్ళు. చోటు చాలకపోతే అత్త మీద కూడా రాసేవాళ్ళు. మా ఎదురింట్లో అత్త బుగ్గ మీద "అరలీటరు ఎక్కువ" అని డిసెంబరు దాకా ఉంది.

మాది చీరాల పక్కన నేత ఊరు. చీరాలని చిన్న బొంబాయి అనేవాళ్ళు. ఎంజీసీ మార్కెట్లో బట్టల మూటలు చూసినవాళ్ళెవరూ ఆ మాటకి ఎదురు చెప్పరు. అత్త పుట్టినప్పుడు మాది గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా చేసి మమ్మల్ని అందులో కలిపారు, అదే ప్రకాశం. 2022 నుంచి బాపట్ల జిల్లా. ఇన్ని జిల్లాలు మారినా మా ఇల్లు గానీ ఇంట్లో గుంట మగ్గం గానీ అంగుళం కదల్లేదు. అందుకే అత్త ఇప్పటికీ "నేను మూడు జిల్లాల మోడల్‌ని రా" అంటుంది.

తాత కుప్పడం చీరలు నేసేవాడు. ఒళ్ళు నూలు, అంచులు పట్టూ జరీ. అడ్డపోగుని అటూ ఇటూ తీసుకెళ్ళేది నాడె. ఒంటికి ఒక నాడె, అంచులకి వేరే నాడెలు. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. పక్కన ఒకరు కూర్చుని అంచు నాడె వెయ్యాలి. మా ఇంట్లో ఆ కూర్చునే మనిషి అత్త. పదో తరగతి లెక్కల్లో పోయిన దగ్గర్నుంచి నాలుగేళ్ళు ఆ పలక మీదే కూర్చుంది. నిలబడితే ఎంత పొడుగుంటుందో ఇంట్లోవాళ్ళకే సరిగ్గా తెలీదు. ఆ సంగతి ముందు కనిపెట్టింది షావుకారు గారు. ఆయన నూలు లెక్క చూడ్డానికి వచ్చేసరికి అత్త దూలానికి కట్టిన మగ్గం తాడు సరిచేస్తోంది. పీట లేకుండా. ఆయన చేతిలో మజ్జిగ గ్లాసు అలాగే ఉండిపోయింది.

ఆయన బాధ వేరే. అప్పట్లో శివకాశి నుంచి ఏజెంట్లు బొమ్మల ఆల్బం పట్టుకుని వచ్చేవాళ్ళు. లక్ష్మి, సరస్వతి, గులాబీ పట్టుకున్న చంటిపిల్ల, మంచుకొండల పక్కన పెంకుటిల్లు. మనం వేలు పెట్టి చూపిస్తే ఆ బొమ్మ మీద మన కొట్టు పేరు అచ్చేసి పంపుతారు. ముందు ఏడాది షావుకారు గారు లక్ష్మిని ఎంచుకున్నారు. తీరా చూస్తే కిరసనాయిలు డీలరూ అదే లక్ష్మి, మందుల షాపూ అదే లక్ష్మి. జనం బట్టల కొట్టు క్యాలెండరనుకుని మందుల షాపుకి వెళ్తున్నారని ఆయనకి అనుమానం. పైగా అది 1983. ఎన్టీఆర్ ప్రభుత్వం కొత్తగా వచ్చి జనతా చీరలు సగం ధరకి ఇస్తున్న రోజులు. తన చీర ఎలా ఉంటుందో జనానికి బొమ్మలో చూపించకపోతే ఇక కొట్టు మూసుకోవడమే అని ఆయన లెక్క. మద్రాసులో మోడల్ని కనుక్కుంటే చెప్పిన రేటుకి రెండు రోజులు అన్నం మానేశారట.

"ఈ పిల్ల నిలబడితే చాలదా?" అన్నారు.

"పెళ్ళి కావాల్సిన పిల్ల" అంది నాయనమ్మ.

"నిలబడేది మన చీరలోనేగా" అన్నాడు తాత. తాతకి షావుకారు గారి దగ్గర అడ్వాన్సు బాకీ ఉంది. బాకీ ఉన్న మనిషి నోట్లోంచి ఇలాంటి తర్కాలే వస్తాయి.

నాయనమ్మ బేరం ఆడింది. నూట పదహార్లు, ఒక చీర దగ్గర తెగింది. అత్తని ఎవరూ అడగలేదు. అడగాల్సిన పని కూడా లేదు. అప్పటికే గదిలో అద్దం ముందు నిలబడి పౌడరు డబ్బా అడుగు గోకుతోంది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. ఏజెంటు ఎల్లుండి శివకాశి వెళ్ళిపోతున్నాడు. ఈలోపు ఫోటో తీసేయాలి. షావుకారు గారు మోజుపడ్డ కొత్త డిజైను ఇంకా మా మగ్గం మీదే ఉంది, కొంగుతో మొదలుపెట్టి రెండు గజాలే అయింది. "ఆ ముక్క చాలు, కోసెయ్" అన్నారాయన. తాత కత్తెర పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. నేస్తున్న చీరని మధ్యలో కొయ్యడం ఆయన జన్మలో అదే మొదటిసారి. కోసేశాక కత్తెర కడిగి దేవుడి గూట్లో పెట్టాడు. ఎందుకో నాకిప్పటికీ తెలీదు.

మర్నాడు ఫోటోగ్రాఫర్ గారు రిక్షాలో దిగారు. వెంట చుట్టిన పరదా ఒకటి. దాని మీద రాజభవనం, తోట, మధ్యలో ఫౌంటెను. స్టూడియోలో కరెంటు ఉంటుందో ఉండదో తెలీదు కాబట్టి మా పెరట్లోనే తీస్తానన్నారు. పరదా ఒక కొస వేపచెట్టుకి, రెండో కొస గేదెల పాక నిట్టాడికి కట్టాం. రాజభవనం వెనక మా గేదె నెమరేస్తోంది.

రెండు గజాల ముక్క ఎంత వస్తుంది? భుజం మీంచి కొంగు వేసి, పైట సర్ది, నడుం దాకా దోపితే అయిపోయింది. కింద అత్త చిలకాకుపచ్చ లంగా. ఫోటోగ్రాఫర్ గారు దూరం జరిగి చూసి పెదవి విరిచారు.

"కుచ్చిళ్ళు ఉబ్బి నడుం పీపాలాగా కనపడుతుందమ్మా. పల్చటిది ఏదన్నా చుట్టుకో. కింది భాగం ఎట్టాగూ ఫోటోలో రాదు."

దండెం మీద తాత లుంగీ ఆరుతోంది. నీలం గళ్ళది.

కాబట్టి పాఠకులారా, ఆ ఏడాది మూడు తాలూకాల మగవాళ్ళు గుటకలు మింగుతూ చూసిన ఆ గ్లామరు అసలు స్వరూపం ఇదీ: పైన పట్టంచు, జరీ కొంగు, నాయనమ్మ గొలుసు, పక్కింటి పిన్ని జాకెట్టు. ఆ జాకెట్టు రెండు సైజులు పెద్దది కాబట్టి వీపు వెనక మూడు బట్టల క్లిప్పులు. కింద తాత లుంగీ, అరిగిన స్లిప్పర్లు, కాలికి అంటిన పేడ. క్లిప్పులు పెట్టింది నేనే. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఎండ అత్త మొహం మీద పడేలా తెల్ల దుప్పటి పట్టుకుని నిలబడే డ్యూటీ కూడా నాదే.

ఆ కెమెరా రెండు కళ్ళ డబ్బా కెమెరా. మెడలో వేసుకుని పై నుంచి వంగి చూడాలి. అందులో బొమ్మ కుడి ఎడమలు తారుమారుగా కనపడుతుంది. అందుకని ఆయన "ఇటు జరగమ్మా" అని చెయ్యి ఒకవైపు ఊపితే మెడ ఇంకోవైపు వాల్చేవారు. అత్త దేన్ని నమ్మాలో తెలీక మధ్యలోనే బిగుసుకుపోయింది. రోలుకి పన్నెండే ఫోటోలు. కలర్ రోలు, కడగడానికి మద్రాసు పంపాలి. ఒక్కో క్లిక్కుకీ షావుకారు గారు పైకే లెక్కపెడుతున్నారు.

"స్మైల్ ప్లీజ్" అంటే అత్త పెదాలు ఇంకా గట్టిగా మూసేది. ముందుపళ్ళ మధ్య సందుంది, అది కనపడుతుందని భయం. పదకొండు ఫోటోలూ ఇప్పటి ఆధార్ కార్డు మొహంతోనే దిగింది. షావుకారు గారు "పదకొండు" అని అరుగు మీద కూలబడ్డారు.

అప్పుడు గేదెకి విసుగొచ్చింది. కొమ్ముతో పరదాని ఒక్క పొడుపు పొడిచింది. రాజభవనం ఊగింది, ఫౌంటెను ఉబ్బి వచ్చి అత్త వీపుకి తగిలింది. అత్త కెవ్వుమని ముందుకు దూకింది. ఆ దూకుడికి లుంగీ ముడి ఊడింది. ఎడం చేత్తో లుంగీని నడుం దగ్గర గుప్పిట పట్టుకుని, కుడి చెయ్యి గాల్లో పెట్టి, ఇక ఆపుకోలేక పకపకా నవ్వింది. నేను దుప్పటి వదిలేశాను. ఫోటోగ్రాఫర్ గారు కంగారులో నొక్కేశారు.

పన్నెండోది అదే.

డిసెంబరులో లారీ పార్సిల్లో కట్టలు వచ్చాయి. తాడు కోసి మొదటిది విప్పగానే కొట్లో గుమాస్తాలంతా "అబ్బా" అన్నారట. నడుం మీద చెయ్యి, జారుతున్న పైట, పళ్ళ సందు కనపడేలా నవ్వు. ఆ చెయ్యి స్టైలని అందరూ అనుకున్నారు. చీరాలలో ఆడపిల్లలు ఏడాదంతా స్టూడియోల్లో ఎడం చెయ్యి నడుం మీద గుప్పిట బిగించి ఫోటోలు దిగారు. లుంగీ లేకుండా ఆ గుప్పిట ఎందుకో ఒక్కరూ ఆలోచించలేదు.

తాతకి క్యాలెండరు సంగతి తెలుసు గానీ దాని సత్తా తెలీదు. సంక్రాంతి ముందు గడ్డం గీయించుకోడానికి కటింగ్ షాపుకెళ్ళాడు. ఒక చెంప అయింది. రెండో చెంపకి తల తిప్పితే ఎదురుగా గోడ మీద ఇద్దరు సినిమా హీరోయిన్ల మధ్య సొంత కూతురు నవ్వుతోంది. కింద బెంచీ మీద నలుగురు కుర్రాళ్ళు, నోళ్ళు తెరుచుకుని. తాత సబ్బు నురగతోనే లేచి క్యాలెండరు పీకబోయాడు. షాపాయన అడ్డం పడ్డాడు. "పెద్దాయనా, అది వచ్చాక గిరాకీ పెరిగింది. కావాలంటే చోటు మారుస్తా." చివరికి అత్తని తీసుకెళ్ళి వెంకటేశ్వరస్వామి పటం పక్కన మేకుకి తగిలించారు. తాత శాంతించలేదు, సగం గడ్డంతోనే ఇంటికొచ్చాడు. కానీ ఆ తర్వాత షాపు తెరవగానే అగరుబత్తి స్వామికి తిప్పి, చెయ్యి ఆగక అత్తకి కూడా తిప్పేవాడట షాపాయన. కుర్రాళ్ళు మాత్రం భక్తి పెరిగి రోజూ గడ్డం గీయించుకున్నారు.

అత్తలో మార్పు రాలేదంటే అబద్ధం. గేదె దగ్గరికి పౌడరు రాసుకుని వెళ్ళేది. పంపు దగ్గరికి గొడుగు. ఒకసారి తెనాలి ప్యాసింజర్లో ఎవరో ఆవిడ చాలాసేపు చూసి "మీరు సినిమాల్లో చేస్తారా?" అంటే, అత్త కిటికీలోంచి బయటికి చూస్తూ "ఇంకా రిలీజ్ కాలేదు" అంది. పక్కన నేనున్నాను. బాపట్ల దాటేదాకా నేను నవ్వకుండా ఉండేందుకు తొడ మీద గిల్లుతూనే ఉంది.

షావుకారు గారు ఊపులో సినిమా హాల్లో ఇంటర్వెల్‌కి స్లైడు కూడా వేయించారు. గాజు పలక మీద అత్త బొమ్మ. మేమంతా బెంచీ టికెట్టుకి వెళ్ళాం, నాయనమ్మ జంతికలు కూడా తెచ్చింది. "పొగ త్రాగరాదు" అయింది. తర్వాత తెర మీద అత్త వచ్చింది, తలకిందులుగా. హాలంతా ఈలలు. ఆపరేటరు మళ్ళీ పెడితే ఈసారి కుడి ఎడమయ్యి కొట్టు పేరు వెనకనుంచి మొదలైంది. అత్త ఓర్చుకోలేకపోయింది. బెంచీ ఎక్కి వెనక్కి తిరిగి, "ఓయ్, సరిగ్గా పెట్టవయ్యా! నేను అట్టా ఉంటానా?" అని అరిచింది. అప్పటిదాకా ఆ హాల్లో మోడల్ ఉన్నట్టు ఎవరికీ తెలీదు. ఆ తర్వాత సెకండాఫ్ ఎవరూ చూడలేదు.

పెళ్ళి సంబంధాలు మొదలయ్యాయి. వచ్చినవాళ్ళంతా చంకలో క్యాలెండరు పెట్టుకుని వచ్చేవాళ్ళు, పరీక్షకి హాల్ టికెట్టు తెచ్చినట్టు. బొమ్మ చూడటం, పిల్లని చూడటం, మళ్ళీ బొమ్మ చూడటం. రంగు నూలు తడిపి తడిపి అత్త చేతులు మోచేతుల దాకా నీలంగా ఉండేవి. ఒక పెళ్ళికొడుకు తల్లి అననే అంది, "ఫోటోలో ఇంకాస్త తెల్లగా ఉందే పిల్ల?" నాయనమ్మ తమలపాకుకి సున్నం రాస్తూ, "ప్రింటింగు శివకాశిలో అమ్మా, మా చేతుల్లో ఏముంది?" అంది. ఇంకొకాయనకి పళ్ళ సందు నచ్చలేదు, అది అచ్చు తప్పేమో అనుకున్నాడట. ఆ రెండూ పోయాయి.

మూడోది వేటపాలెం వైపు నుంచి వచ్చింది. వాళ్ళదీ నేత ఇల్లే, లుంగీలు నేస్తారు. అబ్బాయి మాట్లాడలేదు. తల్లి మాట్లాడుతుంటే లేచి మా గోడ దగ్గరికెళ్ళాడు. వేటపాలెం సారస్వత నికేతనంలో పుస్తకాలు తెచ్చుకుని చదివే మనిషని మధ్యవర్తి ముందే చెప్పాడు గానీ, ఆ రోజు ఆయన చదివింది మా క్యాలెండరు. ముక్కు గోడకి ఆనించి, అత్త నడుం దగ్గర, అలాగే చూస్తూ ఉండిపోయాడు. తాత దగ్గాడు. కదల్లేదు. నాయనమ్మ గ్లాసు టక్కున పెట్టింది. కదల్లేదు. ఇక తాత లేవబోతుండగా ఆయన ఇటు తిరిగి అడిగాడు.

"ఇది లుంగీ కదూ?"

ఇంట్లో గాలి ఆగిపోయింది. ఎనిమిది నెలలుగా ఎవరికీ కనపడనిది. బొమ్మ కింది అంచున, కుడి మూల, వేలెడు వెడల్పున నీలం గళ్ళు. అందరూ అది అచ్చులో పడిన మరక అనుకున్నారు, మేం అనుకోనిచ్చాం. ఆ గళ్ళు బొమ్మలోకి ఎలా వచ్చాయో నాకు చాలా ఏళ్ళకి, నేనూ అలాంటి పాత కెమెరా ఒకటి కొనుక్కున్నాక అర్థమైంది. పై కన్ను చూడ్డానికి, కింది కన్ను ఫోటో తియ్యడానికి. మనిషి దగ్గరగా నిలబడితే పై కన్నుకి కనపడేదానికంటే కింది కన్నుకి కాస్త దిగువ దాకా పడుతుంది. అత్త గేదె దెబ్బకి ముందుకు దూకింది కదా. ఫోటోగ్రాఫర్ గారి కంటికి నడుం దాకా, ఫిల్ముకి ఇంకో వేలెడు.

"లుంగీయే" అన్నాడు తాత, నేరం ఒప్పుకున్నట్టు.

"తెలుసు. ఇది నేను నేసిందే" అన్నాడాయన. "ఒకరోజు పడుగు తోడుతుంటే నీలం నూలు తగ్గింది. చేతికందిన ఎర్ర పోగు ఒకటి వేశా. మా నాన్న చూసి వీపు చిట్లగొట్టాడు. ఆ పడుగు మొత్తం గడికో ఎర్ర పోగు పడి, ఎవరూ కొనక సగం ధరకి అమ్మాం. అదిగో, చూడండి."

తాత చూడలేదు. సగం ధరకి కొన్నది ఆయనే మరి, ఎర్ర పోగు చూపించి ఇంకో రూపాయి తగ్గించి.

లోపల గదిలోంచి నవ్వు వినపడింది. పెళ్ళిచూపుల్లో పిల్ల అలా నవ్వకూడదు, నాయనమ్మ నెత్తి కొట్టుకుంది. పన్నెండో ఫోటో నవ్వు అదే. ఆయన గుమ్మం వైపు చూసి మొదటిసారి నవ్వాడు. ఆయనే మా మామ. ముహూర్తాలు వెంటనే పెట్టారు. షావుకారు గారు ఇస్తానన్న చీర అప్పటికి వచ్చింది, నిండా ఆరు గజాలు. కోసేసిన చోటునుంచి తాతే నేసిన మిగతా పడుగు అది. మధుపర్కాల తర్వాత అత్త అదే కట్టుకుంది.

1985 క్యాలెండరుకి కూడా అత్తనే పిలిచారు. ఈసారి స్టూడియోలో, నిండు చీరతో, సొంత జాకెట్టుతో, దీపాల వెలుగులో. మామ పక్కనే కుర్చీలో కూర్చున్నాడు. బొమ్మ చక్కగా వచ్చింది. ఎవరికీ నచ్చలేదు. "పోయినేడు పిల్ల బాగుండేది, ఈవిడెవరు?" అన్నారు. షావుకారు గారు మరుసటి ఏడు మళ్ళీ లక్ష్మికి వెళ్ళిపోయారు.

అత్త ఊరుకుంటుందా. ఊరగాయ సీసా మీద లేబులు అయింది. ఒక పురుగుమందు డీలరు క్యాలెండరుకి పట్టుచీర కట్టి, వీపున స్ప్రేయరు డబ్బా తగిలించుకుని పత్తి చేలో నిలబడింది. మందు కొడుతూ ఎవరు నవ్వుతారో ఆ డీలరుకే తెలియాలి. గుంటూరు, ప్రకాశం పత్తిని తెల్లదోమ పట్టిన రోజులవి. ఒక రైతు సైకిలు తొక్కుకుంటూ మా అత్త ఇల్లు వెతుక్కుని వచ్చాడు. గుమ్మంలో నిలబడి, "అమ్మా, నీ మందు మూడుసార్లు కొట్టినా. దోమ చావలా" అన్నాడు. కోపం కాదు, అడగడానికి ఇంకెవరూ లేక. అత్త నీళ్ళిచ్చి కూర్చోబెట్టింది. ఏం చెప్పాలో తెలీక చివరికి, "అన్నా, బొమ్మ వరకే నాది" అంది. అతను తలూపి, నీళ్ళు తాగి, వెళ్ళిపోయాడు. ఆ డీలరు మళ్ళీ పిలిస్తే అత్త వెళ్ళలేదు. ఇన్నేళ్ళలో ఆమె కాదన్న ఒకే ఒక్క ఫోటో అదని నాకు గుర్తు.

1991లో నూలు ధర మండిపోయింది. చీరాల చుట్టుపక్కల పనుల్లేక నేతగాళ్ళు ఆకలితో పోయారు, కొందరు ఉరేసుకున్నారు. ఆ ఏడాది షావుకారు గారు క్యాలెండరు వెయ్యలేదు. మా ఇంట్లోనూ మగ్గం నాలుగు నెలలు ఖాళీగా ఉంది. అత్త వాళ్ళు గేదెల్ని పెంచి పాలు పోసి గట్టెక్కారు. దాని గురించి అత్త ఎప్పుడూ కథ చెప్పదు, నేనూ ఇక్కడ సాగదియ్యను.

తర్వాత కేబుల్ టీవీ వచ్చింది. షాపు ఓపెనింగులకి హైదరాబాదు నుంచి హీరోయిన్లు కార్లలో వచ్చారు, రోడ్డు మీద ఇరవై అడుగుల హోర్డింగులు లేచాయి. అత్త ఒకసారి అలాంటి హోర్డింగు కింద బస్సు కోసం నిలబడి తలెత్తి చాలాసేపు చూసి, "మొత్తం చీర ఇచ్చినట్టున్నారు" అంది. అంతే.

వాళ్ళబ్బాయి పెళ్ళికి ఫ్లెక్సీ వేద్దామన్నారు. ఊళ్ళో ఎవరి పెళ్ళికైనా వీధి చివర తల్లిదండ్రుల బొమ్మలతో ఫ్లెక్సీ ఉండాల్సిందే. అత్త ఇప్పటి ఫోటో ఇవ్వనంది. అరవై క్యాలెండర్ల బొమ్మల్లో ఏరి ఇచ్చినట్టు పోజు పెట్టి ఆ 1984దే తెచ్చి ఇచ్చింది. పక్కన మామది మాత్రం మొన్నటి ఫోటో, బట్టతలతో. ఆడపెళ్ళివాళ్ళు దిగి చూసి, పెళ్ళికొడుకు అక్క పక్కన వాళ్ళ తాతగారు అనుకున్నారు.

గొడవ అది కాదు. ఫ్లెక్సీ షాపు కుర్రాడు కంప్యూటర్లో బొమ్మని బాగు చేశాడు. పళ్ళ సందు పూడ్చాడు, మోచేతులు తెల్లగా చేశాడు. అత్త తెగ మురిసిపోయింది. మామ మాత్రం ఫ్లెక్సీ కింద నిలబడి కుడి మూల వెతుకుతున్నాడు. అక్కడ బంగారు రంగు పువ్వుల డిజైను ఉంది.

"గళ్ళేవిరా?"

"మరకుంటే తీసేశా బాబాయ్" అన్నాడు వాడు, పొగుడుతారనుకుని.

ఆ మధ్యాహ్నం పందిట్లో వంటవాళ్ళు సాంబారుకి పప్పు సరిపోతుందా అని అడగడానికి పెళ్ళికొడుకు తండ్రి కోసం వెతికితే ఆయన లేడు. ఫ్లెక్సీ షాపులో కుర్చీ వేసుకుని, కుర్రాడి పక్కన కూర్చుని, కంప్యూటర్ తెరకి ముక్కు ఆనించి వేలితో చూపిస్తున్నాడు. "ఇంకాస్త పెద్దది చెయ్. ఆ... నీలం నాలుగు పోగులు, తెలుపు రెండు. ఇప్పుడు ఎర్రది. ఒకటే, ఒకటే!" రెండో ఫ్లెక్సీకి డబ్బు మళ్ళీ కట్టాడు. అత్త "మరక తీసినవాడికి డబ్బిచ్చి మరక వేయించుకొచ్చిన మొగుడు నాకే దొరికాడు" అని బంధువులందరికీ చెప్పుకుంది. చెప్పిన ప్రతిసారీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

పెళ్ళయ్యాక ఆ ఫ్లెక్సీ గేదెల పాక పైకి ఎక్కింది. వానకి కురవకుండా బొమ్మ లోపలివైపుకి తిప్పి కట్టారు. రోజూ పాలు పితికేటప్పుడు పైనుంచి తనే నవ్వుతూ చూస్తుంటుంది. నిన్న రాత్రి ఫోన్ చేసి అత్త ఒకటే నవ్వు. కొత్తగా తెచ్చిన గేదె పొగరుమోతుదట, తలెత్తి కొమ్ముతో కప్పుని పొడిచేసిందట. సరిగ్గా గళ్ళ దగ్గరే చిరిగిందట.

"మీ మామ సూది పట్టుకుని నిచ్చెనెక్కాడు రా" అంది.

వెనక నుంచి మామ గొంతు వినపడుతోంది, ఇంట్లో ఎర్ర దారం ఎక్కడ పెట్టావే అని.